పెన్సిల్వేనియా పొలాల్లో నూరేళ్ల యుద్ధం

ఈ ప్రయాణానికి మూలకారణం మా ఇంట్లో చేసిన పులిహోర. 2012 జూన్‌లో ఒక శనివారం మావారు మూర్తిగారు తనతో పనిచేసే గ్రెగ్‌ను భోజనానికి పిలిచారు. ఇద్దరూ డెట్రాయిట్ శివార్లలో ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గర కారు సీట్లు పరీక్షించే కంపెనీలో ఇంజినీర్లు. గ్రెగ్ రెండోసారి పులిహోర వడ్డించుకుంటూ, ఏటా ఆగస్టులో సెలవు పెట్టి పెన్సిల్వేనియాలో యుద్ధానికి వెళ్తానని చెప్పాడు. సైన్యంలో ఏదో రిజర్వు ఉద్యోగం కాబోలు అనుకున్నాను. కాదట. మధ్యయుగపు యూరప్ అంటే పిచ్చి ప్రేమ ఉన్నవాళ్ళు వేలమంది అక్కడ గుడారాలు వేసుకుని, ఇనప శిరస్త్రాణాలు పెట్టుకుని, బెత్తంతో చేసిన కత్తులతో నిజంగానే కొట్టుకుంటారట. "ఆ యుద్ధాలన్నీ మా ఆవిడ పాఠం చెప్పిందే" అన్నారు మావారు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేదో.

పొద్దున యుద్ధం, మధ్యాహ్నం తరగతులు అన్నాడు గ్రెగ్. ఊలు వడకడం దగ్గర్నుంచి రాజవంశాల గొడవల దాకా, ఎవరికి తెలిసింది వాళ్ళు చెబుతారు. జీతాలుండవు, ఫీజులుండవు. నూరేళ్ల యుద్ధం గురించి చెప్పాల్సినాయన ఈసారి రావడం లేదు, మీరు చెబుతారా అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మావారు "తప్పకుండా చెబుద్ది" అని తెలుగులో అని, నాలిక్కరుచుకుని అదే ముక్క ఇంగ్లీషులో అనేశారు. ఆయన సంగతి తెలిసిందే. ఇంటికొచ్చినవాళ్ళకు నా చేత పాటైనా పాడిస్తారు, పాఠమైనా చెప్పిస్తారు.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తొమ్మిదేళ్ళు చరిత్ర చెప్పాను, తెలుగు మీడియంలో. అమెరికా వచ్చి ఆరేళ్ళయింది. భర్త ఉద్యోగం మీద వచ్చే హెచ్4 వీసాతో ఉన్నవాళ్ళు ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. మొదట్లో ఎవరైనా అడిగితే హిస్టరీ లెక్చరర్‌ని అని చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత ఒకప్పుడు లెక్చరర్‌ని అనడం మొదలైంది. ఈమధ్య అసలు ఆ ప్రస్తావనే తేవడం మానేశాను. అందుకే గ్రెగ్ వెళ్ళిపోయాక మావారి మీద గయ్యిమన్నాను గానీ, నా భయం ఇంగ్లీషు గురించి కాదు. పదిమంది ముందు నిలబడితే నాలో ఇంకా ఒక టీచరు ఉందో లేదో తెలిసిపోతుంది. లేదని తేలితే ఏం చేయాలో నాకు తెలియదు.

మీలో ఎవరైనా డెట్రాయిట్ వైపు నుంచి బయల్దేరితే దారి చాలా తేలిక. మేము తెల్లవారకముందే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, 275 నంబరు హైవే మీద దక్షిణానికి దిగి టొలీడో దగ్గర ఒహాయో టర్న్‌పైక్ ఎక్కాం. అక్కడినుంచి యంగ్‌స్టౌన్ దాకా ఒకటే రోడ్డు, టోల్ పది డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. తర్వాత 80 మీదే పెన్సిల్వేనియాలో అడుగుపెట్టి, 79 మీద కాస్త దక్షిణానికి వస్తే చాలు. మొత్తం ఐదు గంటల లోపే. ఒహాయోలో చూడ్డానికి మొక్కజొన్న తప్ప ఏమీ లేదు గనుక నేను దారిపొడవునా నా పాఠం వల్లె వేసుకున్నాను. కారణాలు, గమనం, ఫలితాలు. ఇంగ్లండ్ రాజు తన తల్లి ఫ్రాన్సు రాజకుమార్తె కాబట్టి ఆ సింహాసనం నాదేనన్నాడు, ఆడవాళ్ళ తరపున వారసత్వం చెల్లదని ఫ్రాన్సు ప్రభువులు కొట్టిపారేశారు, దానికి తోడు ఫ్లాండర్స్ ఊలు వ్యాపారం ఒకటి. మావారు డ్రైవ్ చేస్తూ మధ్యమధ్య ఊ కొట్టారు.

"అంతా ఆస్తి గొడవే కదా పద్మా" అన్నారు చివరికి. "మా పెదనాన్న వాళ్ళ పొలం కేసు కూడా ఇలాగే సాగుతోంది."

"మీ పెదనాన్న కేసులో ఊళ్ళు తగలబడలేదండీ" అన్నాను. తిట్టినట్టే అన్నాను గానీ, ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం లేకపోలేదు.

బట్టల సంగతి ఇక్కడే చెప్పాలి. పదిహేడో శతాబ్దానికి ముందువి అనిపించే బట్టలు వేసుకుంటేనే లోపలికి రానిస్తారు. అచ్చంగా ఉండాలని లేదు, ప్రయత్నం కనిపిస్తే చాలు. మనవాళ్ళకు ఇదో పెద్ద సమస్యే కాదు. నేను మంగళగిరి నేత చీర కట్టుకున్నాను, మావారు పంచె, ఉత్తరీయం. పంచె ఊడిపోతుందేమోనని పైన బెల్టు పెట్టుకుని ఉత్తరీయంతో కప్పేశారు. టర్న్‌పైక్ మీద కాఫీకి ఆగినప్పుడు కొంతమంది వింతగా చూశారు. మావారు వాళ్ళకు చెయ్యి ఊపారు.

గేటు దగ్గర పొడుగు గౌను, తలకు తెల్లగుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ కారు అద్దం దగ్గర వంగి "మీరెవరు?" అని అడిగింది. నా చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. వీసా కాగితాల నకళ్ళు అందులో ఎప్పుడూ ఉంటాయి. అవి తీసి ఆమె చేతిలో పెట్టబోయాను.

ఆమె నవ్వింది. "అవి కాదమ్మా. ఈ గేటు లోపల మీరెవరు? ఏ ఊరు, ఏం పని చేస్తారు?"

మావారు తడుముకోకుండా "గుంటూరు సీమ నుంచి వచ్చిన పత్తి వర్తకుణ్ణి" అన్నారు. ఆమె నావైపు చూసింది. "నేను ఆయనతో వచ్చాను" అన్నాను. ఆవిడ "సరే, వెళ్ళేటప్పుడు మళ్ళీ అడుగుతాను" అని గేటు తీసింది.

లోపలికి అడుగుపెట్టాం. కనుచూపు మేర గుడారాలు, వాటి మీద రంగురంగుల జెండాలు, పొయ్యిల పొగ, సుత్తుల చప్పుడు. కమ్మరి కొలిమి ఒకచోట, రొట్టెలు కాల్చే మట్టి పొయ్యి ఒకచోట. ఎక్కడా ఒక కారు గానీ కరెంటు స్తంభం గానీ కంటికి ఆనలేదు. తొమ్మిదేళ్ళు నేను పుస్తకంలోంచి బోర్డు మీదికి ఎక్కించిన కాలం ఇది. నాకు తెలిసిందల్లా సంవత్సరాలు, రాజుల పేర్లు. దానికి ఇంత పొగ వాసన ఉంటుందని ఏనాడూ అనుకోలేదు.

యుద్ధానికి ముందు కడుపులో ఏదైనా పడేద్దామని ఒక వంట గుడారం దగ్గర ఆగాం. శాకాహారమే దొరుకుతుందా అనే దిగులుండేవాళ్ళకు చెబుతున్నాను, దొరుకుతుంది. ఆరేడు డాలర్లకు గిన్నెడు పప్పుచారు లాంటి గంజి, బార్లీ రొట్టె ఇచ్చారు. ఉప్పు, మిరియాలు తప్ప మరేమీ లేదు. కాస్త కారం ఉందా అని అడిగాను.

"మిరపకాయలు ఇంకా సముద్రం దాటి రాలేదమ్మా" అన్నాడు వంటాయన గరిటె తిప్పుతూ. "టమాటాలూ లేవు, బంగాళాదుంపలూ లేవు. మీ దేశానికీ అప్పటికి రాలేదు కదా?"

నిజమే. కొలంబస్ పాఠంలో నేనే చెప్పేదాన్ని ఆ ముక్క. కానీ గుంటూరులో మిరపకాయ లేని రోజొకటి ఉందని ఆ గంజి నోట్లో పెట్టుకున్నాకే నిజంగా నమ్మాను. మావారు మాత్రం జేబులోంచి ఆవకాయ ప్యాకెట్ తీసి గుట్టుగా కలుపుకున్నారు.

ఆరోజు జరిగింది వంతెన యుద్ధం. మైదానంలో గడ్డి మోపులు రెండు వరసలుగా పేర్చి సన్నటి దారి చేశారు. అదే వంతెన. చెరో కొసన ఒక్కో సైన్యం. ముందు వరసలో డాళ్ళు ఒకదానికొకటి ఆనించిన గోడ, వెనక పొడవాటి ఈటెలు. గ్రెగ్ ముందు వరసలోనే ఉన్నాడు. ఇనప టోపీలో ముఖం కనిపించలేదు, డాలు మీది పసుపు సింహాన్ని బట్టి గుర్తుపట్టాం. ఫిరంగి పేలింది. రెండు సైన్యాలూ ఒక్కసారిగా పరుగెత్తుకొచ్చి వంతెన మధ్యలో గుద్దుకున్నాయి. ఆ చప్పుడు చెవికి కాదు, ముందు అరికాళ్ళకు వినిపించింది. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. భయపడి కాదు, ఇద్దరం కలిసే చూశామని ఆ తర్వాత ఒకరికొకరం సాక్ష్యం చెప్పుకోవడానికి అనుకుంటాను.

కాసేపటికి నాకో సంగతి తట్టింది. జనం కిందపడుతున్నారు, చచ్చిపోయినట్టు పడుకుంటున్నారు, కానీ ఎవరు చచ్చారో చెప్పేవాళ్ళు ఎక్కడా లేరు. కర్రలు పట్టుకుని పక్కన నిలబడ్డ కొద్దిమంది ఎవరికీ గాయాలు కాకుండా చూస్తున్నారంతే. మా పక్కన డయాన్ అనే ఆమె కూర్చుంది. నడివయసు మనిషి, వంతెన మీద మొదట్లోనే 'చచ్చిపోయి' శిరస్త్రాణం ఒళ్ళో పెట్టుకుని కీరదోస ఊరగాయ కొరుక్కుంటోంది. ఆమెనడిగాను.

"దెబ్బ తిన్నవాళ్ళే చెప్పాలి" అంది డయాన్. "అది నిజం కత్తి అయితే నేను చచ్చేదాన్నే అనిపిస్తే, 'గుడ్' అని పడిపోవాలి. ఇంకెవరూ చెప్పడానికి వీల్లేదు. కొట్టినవాడు కూడా."

మావారు కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడినవారు. ఆయనకిది మింగుడుపడలేదు. "అంపైర్ లేకుండా ఎవడైనా అవుటని ఒప్పుకుంటాడా? సాయంత్రమయినా ఒక్కడూ చావడు, మ్యాచ్ అట్టాగే నడిచిద్ది" అన్నారు నా చెవిలో.

చివరి ఘట్టం వచ్చేసరికి వంతెనకు ఇవతల కొసన గ్రెగ్ ఒక్కడే మిగిలాడు. ఎదురుగా ముగ్గురు. కొమ్ము ఊదేదాకా ఆ చోటు వదలకుండా నిలబడితే వంతెన వాళ్ళ సైన్యానిదే. ఒకణ్ణి డాలుతో తోసేశాడు, ఇంకొకణ్ణి మోకాలి మీద కొట్టాడు. మైదానం అంచున ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. మావారు తెలుగులో అరుస్తున్నారు. అంతలో మూడోవాడి ఈటె కొన గ్రెగ్ డాలు పక్కనుంచి వెళ్ళింది. తగిలిందో లేదో మాకు కనిపించలేదు. పొడిచినవాడికి కూడా తెలిసినట్టు లేదు, అతను ఇంకో పోటుకు చెయ్యి వెనక్కి లాగుతున్నాడు. గ్రెగ్ ఆగిపోయాడు. "గుడ్" అన్నాడు. మోకాళ్ళ మీదికి ఒరిగి, పూర్తిగా నేల మీదికి వాలిపోయాడు. వెంటనే కొమ్ము ఊదారు. వంతెన పోయింది.

రెండు సైన్యాలూ కత్తులతో డాళ్ళ మీద కొట్టాయి, గెలిచినవాళ్ళే ఇంకా గట్టిగా. తర్వాత చచ్చిపోయినవాళ్ళంతా లేచారు. గడ్డి దులుపుకుని, ఒకరినొకరు లేవదీసుకుని, మంచినీళ్ళ కుండల వైపు నడిచారు. అలా వందలమంది ఒకేసారి లేవడం చూస్తుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూరేళ్ల యుద్ధంలో అజిన్‌కోర్ బురదలో పడ్డవాళ్ళు లేవలేదు. ఆ పేరు నేను ఎన్నోసార్లు బోర్డు మీద రాసి గీత గీశాను. వాళ్ళు లేవలేదన్న సంగతి నాకు ఆ మైదానంలో తెలిసింది.

గ్రెగ్ చెమటతో మా దగ్గరికొచ్చాడు. మావారు ఉండబట్టలేక "ఎవరూ చూడలేదు గ్రెగ్. ఇంకొక్క నిమిషం నిలబడితే మీదే కదా" అన్నారు.

"నాకు తగిలింది కదా" అన్నాడు గ్రెగ్. అదో పెద్ద విషయమన్నట్టు కూడా అనలేదు. పక్కటెముకల దగ్గర చొక్కా ఎత్తి చూపించాడు, అక్కడ ఎర్రగా కమిలిపోయి ఉంది. తర్వాత నావైపు తిరిగి, "మీ తరగతికి వేళయింది" అన్నాడు.

తరగతి అంటే నాలుగు గుంజల మీద గుడ్డ పందిరి, కూర్చోడానికి గడ్డి మోపులు. పాతికమంది దాకా ఉంటారు. అందరూ పెద్దవాళ్ళు, సగంమంది ఇంకా కవచాల్లోనే ఉన్నారు. డయాన్ ముందు వరసలో కూర్చుంది. వల్లె వేసుకున్న మొదటి వాక్యం ఎటు పోయిందో తెలియదు. అప్పుడు నా గొంతు, నన్ను అడక్కుండానే, తొమ్మిదేళ్ళ అలవాటు చొప్పున, ఇంగ్లీషులోనే "రాసుకోండి" అంది.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మన కాలేజీల్లో చదివినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, లెక్చరర్ అంటేనే నోట్సు చెప్పే మనిషి. నేను నోట్సు చెప్పడం మొదలుపెట్టాను. "శీర్షిక, నూరేళ్ల యుద్ధానికి కారణాలు. కింద గీత. ఒకటి, వారసత్వ సమస్య. కామా." పాపం, వాళ్ళు మర్యాదస్తులు. దొరికిన కాగితాల మీద రాసుకోవడం మొదలుపెట్టారు. వెనకాల ఒకాయన పక్షి ఈకతో, సిరాతో రాస్తున్నాడు. ఆయన చెయ్యెత్తి, "కొంచెం నెమ్మదిగా చెప్పండి, సిరా ఆరడం లేదు" అన్నాడు. చివర కూర్చున్న మావారు ఉత్తరీయంలో ముఖం దాచుకున్నారు. నవ్వుతున్నారని భుజాలే చెబుతున్నాయి.

అలా అజిన్‌కోర్ దాకా వచ్చాను. ఇరుకు మైదానం, వానకు తడిసిన నేల, బరువైన కవచాలు, ఇంగ్లండు విలుకాళ్ళ బాణాలు. ఇంగ్లీషు తడబడుతూనే ఉంది గానీ పాఠం నడుస్తోంది. అప్పుడు డయాన్ అడిగింది.

"పడిపోయినవాళ్ళ ఇళ్ళకు కబురు ఎవరు తీసుకెళ్ళారు?"

యుద్ధం ముగిశాక రాజుల దూతలు మైదానంలో తిరిగి చనిపోయిన ప్రభువులను గుర్తుపట్టేవాళ్ళని చెప్పాను.

"ప్రభువులు సరే. ఈటెలు పట్టుకున్న మామూలు వాళ్ళ సంగతేమిటి? వాళ్ళ భార్యలకు ఎవరు చెప్పారు? ఎన్నాళ్ళు ఎదురుచూశాక తెలిసింది?"

నా దగ్గర జవాబు లేదు. కారణాల్లో లేదు, గమనంలో లేదు, ఫలితాల్లో లేదు. ఇలాంటప్పుడు లెక్చరర్లు అడ్డం పెట్టుకోడానికి ఒక మంచి డాలు ఉంది, అది సిలబస్‌లో లేదు అంటే సరిపోతుంది. నిజానికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాల గ్రెగ్ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని నిలబడి వింటున్నాడు.

"గుడ్" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. "తగిలింది. నాకు తెలియదు" అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో డయాన్ తన ఇనప చేతితొడుగుతో ఒళ్ళోని శిరస్త్రాణం మీద కొట్టింది. పక్కనున్నతను డాలు మీద కొట్టాడు. చూస్తుండగానే పందిరంతా మోగిపోయింది, పొద్దున గ్రెగ్ పడిపోయినప్పుడు మోగినట్టే. ఈకతో రాసే పెద్దాయన కొట్టడానికేమీ లేక తొడ మీద చరుచుకున్నాడు.

ఆ తర్వాత నేను నోట్సు చెప్పలేదు. "మీరు పొద్దున పడిపోయారు కదా, కిందినుంచి ఏం కనిపించింది?" అని డయాన్‌ను అడిగాను. కాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదంది, తన పక్కన ఎవరు పడ్డారో కూడా తెలియలేదంది. మరి అక్కడున్నవాడికే తెలియనిది ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఎలా తెలుస్తుందని అడిగాను. ఇంకొకరు అందుకున్నారు. ఒకరు ప్లేగు సంగతి ఎత్తారు, ఒకరు కూలి రేట్ల కోసం రైతులు తిరగబడ్డ సంగతి ఎత్తారు. నేను వాటిని తెచ్చి సింహాసనం తగాదాకు ముడిపెట్టాను. ఎవరు తప్పు దారిలో పోతున్నారో, ఎవరిని ఇంకో ప్రశ్న అడిగితే దారిలోకి వస్తారో నాకు ముందే తెలుస్తోంది. చెయ్యి సుద్దముక్క కోసం గాలిలో వెతుక్కుంది. తర్వాతి తరగతి చెప్పాల్సినావిడ ఊలు బుట్టతో వచ్చి నిలబడి, వెళ్ళమనకుండా తనూ కూర్చుంది. ఆరేళ్ళలో నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

పొద్దువాలుతుండగా బయల్దేరాం. దగ్గర్లోనే మోటెల్‌లో గది తీసుకున్నాం, డెబ్బై డాలర్లయింది. ఒక్కరోజులో వెళ్ళిరావడం కుదురుతుంది గానీ అంత చూసిన కళ్ళతో డ్రైవ్ చేయవద్దని నా మాట. గేటు దగ్గర పొద్దుటి పెద్దావిడే ఉంది. మావారిని వదిలేసి తిన్నగా నా వైపుకొచ్చి వంగింది.

"ఇప్పుడు చెప్పు. ఎవరు నువ్వు?"

"నరసరావుపేట నుంచి వచ్చాను" అన్నాను. "పాఠాలు చెబుతాను."

"బాగుంది. మళ్ళీ రా టీచర్" అని ఆమె గేటు తీసింది.

ఆ యుద్ధాలు నిజంగా జరిగినప్పుడు వాటిలో గొప్పతనమేమీ లేదు. ఒక కుటుంబం సింహాసనం పంచుకోలేక తరతరాలు జనాన్ని చంపించింది, నడుమ ప్లేగు వచ్చి మిగతా పని పూర్తిచేసింది. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత, సముద్రానికి ఇవతల, కంపెనీల్లో పనిచేసే మామూలు మనుషులు ఆ చరిత్రలోంచి క్రూరత్వం తీసేసి మాట నిలబెట్టుకోవడం ఒక్కటే ఉంచుకున్నారు. ఎవరూ చూడని దెబ్బకు తమంతట తాము పడిపోతున్నారు. అది చూశాక నాకు చరిత్ర మీద గౌరవం పెరిగిందో, మనుషుల మీద పెరిగిందో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. వీసా మారలేదు, ఉద్యోగం రాలేదు, ఇంటికొచ్చాక అంతా మామూలే. కానీ మా సందులో ఇద్దరు పిల్లలు ఇప్పుడు శనివారాలు మా ఇంటికి చరిత్ర చెప్పించుకోడానికి వస్తున్నారు. ఊరికే వస్తున్నారు, నేనూ ఊరికే చెబుతున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకే ఒక్క సలహా. నేత చీర, నీళ్ళ సీసా, టోపీ ఎలాగూ మీరే పెట్టుకుంటారు. గేటు దగ్గర మీరెవరని అడుగుతారు. చెయ్యి వీసా కాగితాల మీదికి పోకముందే జవాబు ఆలోచించుకుని వెళ్ళండి.